రెండు బెత్తెల కలం

పోయినవారం ఈ శీర్షిక కింద కుర్రకారు చేతివ్రాతను గురించి నాలుగు ముక్కలు వ్రాసినందుకు ఒక చదువరి నాకు చీవాట్లు పెడుతూ ఉత్తరం వ్రాశారు. "పిల్లల వ్రాత బాగాలేదని తిట్టడం సులభమే గాని మాస్టారూ, వాళ్ళ చేతిలో ఉన్న పెన్నును ఏనాడైనా తిరగేసి చూశారా?" అని వారి ప్రశ్న. చూడలేదు. ఒప్పుకొంటున్నాను. అయితే ఈ మధ్య ఒక పెద్దాయన చేతిలో పెన్నును మాత్రం చూడవలసి వచ్చింది. ఆ పెద్దాయన మరెవరో కారు, మా నాన్నగారే.

నాన్నగారికి ఎనభైమూడేళ్ళు. భద్రాచలంలో ఉంటారు. ఖమ్మం వచ్చి మా దగ్గర ఉండండి మహాప్రభో అంటే, గోదావరి కనబడని ఊళ్ళో తనకు తెల్లవారదంటారు. నెలకోసారి కర్ర పట్టుకొని బ్యాంకుకు వెళ్ళి, ఫారం నింపి, సంతకం చేసి, పింఛను డబ్బులో తనకు కావలసినంత తెచ్చుకొంటారు. కార్డు ఇచ్చాం, దాన్ని పెట్టెలో భద్రంగా దాచారు. చేతికి వణుకు వచ్చి రెండేళ్ళయింది. మొన్న ఒకనాడు మూడు ఫారాలమీద మూడు సంతకాలు చేసినా, ఒక్కటీ పాత సంతకంతో కలవలేదట. కౌంటరులో ఉన్న కుర్రవాడు మర్యాదస్తుడే. "తాతగారూ, వేలిముద్ర వేయండి, పని అయిపోతుంది" అన్నాడట.

ఆ మాట మరొకరితో అంటే పని అయిపోయేదే. నాన్నగారితో అనడం వల్ల కాలేదు. ఆయన దుమ్ముగూడెం, చర్ల వైపు అడవిపల్లెల బళ్ళలో ముప్పైయేళ్ళపైన పనిచేసిన మనిషి. పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించి, సాయంకాలం వాళ్ళ తండ్రులను అరుగుమీద కూర్చోబెట్టుకొని సంతకం నేర్పేవారు. షావుకారు దగ్గరా, కచేరీలోనూ వేలిముద్ర వేయించుకొనేవాడు కాగితంమీద ఏమి వ్రాసుకొన్నా అడిగే దిక్కుండదని ఆయన వాదన. అటువంటి మనిషిని బొటనవేలు సిరాలో ముంచమంటే ఏమవుతుంది? డబ్బు తీసుకోకుండా ఇంటికి వచ్చేశారు. నాకు ఫోను చేసి, "ఒరేయ్ అబ్బాయ్, నా సంతకం నాది కాదంటున్నారురా" అన్నారు. ఆ తరువాత చాలాసేపు మాట్లాడలేదు.

నేను మరునాడు వెళ్ళి చూశాను గదా, బ్యాంకువారు దారంతో కట్టి ఉంచిన పెన్ను అగరువత్తి కంటే కొంచెం లావు. ఇంట్లో ఆయన వాడుతున్నదీ అటువంటిదే. వణికే వేళ్ళు అంత సన్నని దాన్ని పట్టుకోవాలంటే గట్టిగా నొక్కాలి. నొక్కినకొద్దీ వణుకు ఎక్కువవుతుంది. ఈ సంగతి నాకు చెప్పినవారు ఖమ్మంలో మా మిత్రులైన ఒక డాక్టరుగారు. "లావుపాటి పెన్ను ఇచ్చి చూడండి మాస్టారూ. చెంచా పట్టుకోలేని రోగులకు చెంచా కాడకు గుడ్డ చుట్టమని చెబుతాము. అదే సూత్రం" అన్నారు. అని ఊరుకొన్నారా? "ఆదివారం మా ఇంటికి రండి. ఎంత లావు కావాలో కొలిచి చూద్దాం" అన్నారు.

ఈ డాక్టరుగారికి ఒక పిచ్చి ఉన్నది. కొందరికి పేకాట, కొందరికి రాజకీయాలు. వీరికి ఫౌంటెన్ పెన్నులు. ముఖమల్ పరచిన చెక్కపెట్టెలు అరడజను ఉన్నాయి. ఒక్కొక్క దాని ధర వింటే మన నెలజీతం సిగ్గుపడి తలవంచుకొంటుంది. నేను వెళ్ళేసరికి బల్లమీద గ్రాఫు కాగితం పరచి, వెర్నియర్ కాలిపర్సూ, మందులు తూచే చిన్న త్రాసూ, సూదిలేని సిరంజీ పెట్టుకొని, పెళ్ళిచూపులకు ఆడపిల్లలను ముస్తాబు చేసినట్టుగా పెన్నులను తుడిచి వరుసగా నిలబెట్టి ఉన్నారు.

ముందు పొట్టిది. కవేకో స్పోర్ట్ అనే జర్మను పెన్ను. మూత పెట్టి ఉంటే నూటఅయిదు మిల్లీమీటర్లు. లాల్చీ జేబులో వేస్తే ఎక్కడున్నదో వెతుక్కోవాలి. కాని మూత తీసి వెనకాల తగిలిస్తే పెద్ద పెన్నుల పక్కన సిగ్గులేకుండా నిలబడగలిగినంత పొడుగవుతుంది. తరువాత పెలికాన్ పెన్నులు నాలుగు. ఇవి కూడా జర్మనీలో హానోవరు వారి సరుకే. 1929లో మొదటి పెన్ను చేశారు. నాలుగువందలు, ఆరువందలు, ఎనిమిదివందలు, వెయ్యి అని వీటికి నంబర్లు. పొడుగు సుమారుగా నూటఇరవైయేడు, నూటముప్పైనాలుగు, నూటనలభైఒకటి, నూటనలభైయేడు మిల్లీమీటర్లు. ఒకే అచ్చు, ఒకే చారలు, ఒకే పక్షిముక్కు క్లిప్పు. మా నాయనమ్మ వంటింట్లో గిద్దె, సోల, తవ్వ, మానిక వరుసగా బోర్లించి ఉండేవి. అవి జ్ఞాపకం వచ్చాయి.

వాటి పక్కన పార్కర్ ఫిఫ్టీవన్, 1941లో బజారుకు వచ్చినది. పాళీ మొత్తం ముసుగులో దాచుకొని ముక్కు కొస మాత్రం బయట పెట్టే పెన్ను. నూటముప్పైయెనిమిది మిల్లీమీటర్లు. ఆ పక్కన ఎర్రగా, బంగారు కట్లతో డ్యుఫోల్డ్. దీని కథ కొంచెం చెప్పాలి. 1921లో పార్కర్ కంపెనీవారు అంతకు ముందు ఎక్కువగా నల్లపెన్నులే ఉన్న బజారులోకి ఎర్రని లావుపాటి పెన్నును దింపి ఏడు డాలర్లు ధర పెట్టారు. ఆ రోజులలో అది సామాన్యమైన మొత్తం కాదు. కొన్నారు, ఎగబడి కొన్నారు! పెద్దమనిషి జేబులో పెద్ద పెన్ను ఉండాలనే మాట అక్కడినుంచే బాగా బలపడింది కాబోలు. ఆ కంపెనీవారే అదే పెన్నును చిన్నది చేసి, మెడలో గొలుసుకు తగిలించుకొనే రింగు పెట్టి, ఆడవారి పెన్నని అమ్మారు. ఈ సంగతి ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ తన చెయ్యి చాపి నా చేతి పక్కన పెట్టింది. ఆమె వేళ్ళే అరంగుళం పొడుగు. "చిన్న పెన్ను మీరు పెట్టుకోండి" అంది. జవాబు చెప్పలేకపోయాను.

ఇక చివర పెద్దన్నగారు. మాబ్లాంక్ నూటనలభైతొమ్మిది. 1952లో పుట్టింది. నల్లగా, నున్నగా, చుట్టలాగా ఉంటుంది. నెత్తిన తెల్లని మంచుచుక్క. పాళీమీద 4810 అని చెక్కి ఉంటుంది. అది మాబ్లాంక్ పర్వతం ఎత్తుగా వాడుకలో ఉన్న లెక్క, మీటర్లలో. ఇందులో మరొక లెక్క ఉన్నదని డాక్టరుగారు చెప్పారు. నూటనలభైతొమ్మిదిలో ఒకటి అంటే వారి సరుకులో అన్నిటికంటే మేలైన రకమని, నాలుగు అంటే వెనక మర తిప్పి ఇంకు పీల్చేదని, తొమ్మిది అంటే పాళీ సైజు అని. అంతేగాని అది పొడుగు కానే కాదు. అయినా కాలిపర్స్ పెట్టి చూస్తే నూటనలభైయెనిమిది, నూటనలభైతొమ్మిది మధ్య ఆగింది! కాకతాళీయమంటే ఇదే గదా. దీన్ని మించినవి లేకపోలేదు. జపానులో నమికివారి ఎంపరర్ అనే పెన్ను నూటడెబ్బై మిల్లీమీటర్లు దాటుతుంది. ఎబొనైట్ గొట్టంమీద లక్కపూత పూసి, బంగారు పొడితో బొమ్మలు వేస్తారు. అది డాక్టరుగారి దగ్గర లేదు. ఆ మాట అన్నప్పుడు వారి ముఖం చూస్తే, కూతురికి సంబంధం తప్పిపోయిన తండ్రి ముఖం లాగా ఉన్నది.

ఇంతవరకు పొడుగు. గ్రాఫు కాగితంమీద వరుస బాగానే కుదిరింది. కాని నాకు కావలసినది పొడుగు కాదు గదా? నాన్నగారి వేళ్ళు మూతను పట్టుకోవు, పాళీకి పైన ఉండే మెడను పట్టుకొంటాయి. "అయితే మూతలు తీద్దాం" అన్నారు డాక్టరుగారు.

మూతలు తీసేసరికి వరుస తారుమారయింది. మూత పెట్టిన పెన్నును కొలవడం వీధిలో నిలబడి ప్రహరీ చూసి ఇంటి వైశాల్యం చెప్పడం లాంటిదని అప్పుడు తెలిసింది. పొడుగులో మధ్యన నిలిచిన ఫిఫ్టీవన్ మెడ పాళీ వైపుకు సన్నబడుతూ పోయి, పట్టు దగ్గర పదిమిల్లీమీటర్లకు అటూ ఇటూ తేలింది. పెలికాన్ నాలుగువందలదీ దాదాపు అంతే. ఎనిమిదివందలది పన్నెండుకు కాస్త తక్కువ. మాబ్లాంక్ పదమూడు. అంటే పొడుగులో పొట్టి కవేకోకూ దీనికీ అరబెత్తెకు పైగా అగాధం ఉన్నట్టు కనిపించినా, వేళ్ళు పట్టుకొనే చోట తేడా మూడు మిల్లీమీటర్లే. ఆ మూడు మిల్లీమీటర్లే చేతికి తెలుస్తాయి, తక్కినదంతా జేబుకు తెలిసేదే.

బరువు సంగతి మరొకటి. పెలికాన్ నాలుగువందలది పదిహేను గ్రాములు, ఎనిమిదివందలది ఇరవైయెనిమిది. పొడుగులో తేడా ఒక అంగుళం కూడా లేదు, బరువు మాత్రం దాదాపు రెట్టింపు! ఎందుకయ్యా అంటే పెద్దదానిలో ఇంకు పీల్చే మర ఇత్తడిది. మాబ్లాంక్ ముప్పైరెండు గ్రాములు. ఇత్తడి బరువంతా వెనకవైపే ఉంటుంది కనుక మూత కూడా వెనక తగిలిస్తే పెన్ను తోక బరువై పాళీ పైకి లేస్తుంది. వణికే చేతికి అది మంచిది కాదన్నారు డాక్టరుగారు.

పాళీల సంగతీ చూడాలి. తెలుగు మాస్టరును గనుక నేను తెలుగే వ్రాసి చూశాను. మాబ్లాంక్ పాళీ మీడియం. ఇంగ్లీషు వ్రాస్తే ముచ్చటగా ఉన్నది. 'క్ష' వ్రాసేసరికి కడుపులు పూడుకుపోయాయి. 'ఘ'కూ 'ఝ'కూ అదే గతి. మన అక్షరాలన్నీ గుండ్రని సున్నలు, తలకట్లు, గుడులు, కింద వత్తులు. ఆ సున్నలలో తెల్లకాగితం కాస్త కనిపించకపోతే అక్షరం ఊపిరాడక చచ్చిపోతుంది. జపానువారి పాళీలు జర్మనువారి వాటికంటే ఒక వాసి సన్నంగా ఉంటాయి. వారి లిపిలో కూడా చిన్నచోటులో చాలా గీతలు ఇమడాలి గదా. అందుచేత తెలుగు వ్రాసేవాడికి పెద్ద గొట్టం, సన్న పాళీ ఉన్న పెన్ను కావాలి.

"అటువంటిది ఉన్నదా?" అని డాక్టరుగారిని అడిగాను. వారు తల గోక్కొంటూ ఉంటే, నేను సంచిలోనుంచి చేతిరుమాలులో చుట్టిన ఒక వస్తువు తీసి గ్రాఫు కాగితం చివర పెట్టాను. పెట్టడానికి కొంచెం సిగ్గుపడ్డాను. పాచిపట్టిన బెరడులాగా గోధుమరంగులో ఉన్నది. అది నాన్నగారి పెన్ను.

దాని కథ చెప్పడానికి కాస్త వెనక్కి వెళ్ళాలి. 1959 దాకా భద్రాచలం తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది. ఆ తరువాతనే ఖమ్మం జిల్లాలో కలిసింది. 1965లో గోదావరిమీద వంతెన వచ్చేదాకా మాకు ఖమ్మం అంటే అవతలి ఒడ్డు. రాజమండ్రి అంటే మాత్రం లాంచీ ఎక్కితే, పాపికొండల మధ్యనుంచి ఏరే తీసుకుపోయి దింపే ఊరు. బట్టలు, పుస్తకాలు, పెళ్ళి సామాను అన్నీ అక్కడినుంచే. నాన్నగారికి ఉద్యోగం వచ్చిన కొత్తలో, మొదటి జీతంతో రాజమండ్రి వెళ్ళి పెన్ను చేయించుకొన్నారు. కొనుక్కోలేదు సుమండీ, చేయించుకొన్నారు.

రాజమండ్రి పెన్ను సంగతి తెలియని తెలుగువారు ఉండరు. కోసూరి వెంకటరత్నంగారు స్వర్ణకారులు. పరదేశపు వస్తువుల బహిష్కారం సాగుతున్న రోజులలో, జనానికి పనికివచ్చే వస్తువేదైనా మన చేతులతో చేయమని గాంధీగారు చెప్పగా, నగలు చేసే చేతితో పెన్ను చేయడానికి పూనుకొన్నారు. 1935లో గాంధీగారు ఆ పెన్ను వాడి చూసి, విదేశీ పెన్నులకు బదులు నిలబడదగినదే అని మెచ్చుకొంటూ వారికి ఉత్తరం వ్రాశారు. వారి దారిలోనే ఆ ఊళ్ళో మరికొందరు పెన్నులు చేశారు. వీటికి ముడిసరుకు ఎబొనైట్: రబ్బరులో గంధకం బాగా దట్టించి, ఉడికించి గట్టిపరచిన కడ్డీ. ఎబొనీ అనే నల్లచేవ కర్రలాగా ఉంటుందని ఆ పేరు. ఆ ఎబొనీ జాతిదే మా భద్రాచలం అడవిలోని తునికిచెట్టు. మేము దాని ఆకుతో బీడీలు చుడతాం, దాని చేవను ఎవరూ పట్టించుకోరు.

నాన్నగారు చెప్పినదాన్నిబట్టి, ఆ దుకాణంలో పెన్నులు చూపించలేదు, ముందు చెయ్యి చూపించమన్నారు. లేతుమీద కడ్డీ తిప్పుతూ మధ్యమధ్య ఆపి, పట్టుకొని చూడమని, ఇంకా లావుండాలన్నా సన్నబడాలన్నా చెప్పమన్నారట. "పొడుగెంత కావాలి?" అంటే నాన్నగారు నాలుగువేళ్ళు ఆనించి, "రెండు బెత్తెలు" అన్నారట. లావు మాత్రం ఎంత వీలైతే అంత. ఆయన లెక్క సోకుది కాదు. అడవిలో ఇంకుబుడ్డి దొరకదు. సంతరోజున సిరాబిళ్ళలు తెచ్చుకొని నీళ్ళలో కలుపుకోవాలి. గొట్టం ఎంత లావైతే అంత ఇంకు పడుతుంది, అన్ని రోజులు వస్తుంది. పాళీ సన్నది అడిగారు, ఇంకు తక్కువ తాగుతుందని. తయారయిన తరువాత గొట్టంమీద ఉలితో పేరు చెక్కి, గీతలలో తెల్లరంగు నింపి ఇచ్చారు.

ఆ పెన్నుతో ఆయన హాజరుపట్టీలు వ్రాశారు, కోయవారి తరఫున అర్జీలు వ్రాశారు, మా పుట్టినరోజులు వ్రాశారు. నేను మొదటిసారి నా పేరు వ్రాసినదీ దానితోనే, రెండుచేతులతో పట్టుకొన్నానట. తరువాత 2022 జూలైలో వరద వచ్చింది. మా ఊళ్ళో గోదావరికి నలభైమూడు అడుగులు వస్తే మొదటి హెచ్చరిక, నలభైయెనిమిదికి రెండోది, యాభైమూడుకు మూడోది. ఆ సంవత్సరం డెబ్బైఒక్క అడుగులు దాటింది. 1986లో డెబ్బైఅయిదు దాటిన తరువాత మళ్ళీ అంత నీరు మేము చూడలేదు. నాన్నగారిని ముందే తీసుకువచ్చాం గాని ట్రంకుపెట్టె మంచం కిందనే ఉండిపోయింది. తిరిగి వెళ్ళి బురద తోడిపోసి చూస్తే, పెట్టెలో ఈ పెన్ను. నల్లటిది గోధుమరంగు తిరిగింది. ఏళ్ళతరబడి వెలుతురు తిన్న ఎబొనైట్ నీళ్ళలో నానితే అలా అవుతుందట. పాళీ ఒండ్రుతో పూడిపోయింది. "ఇది బాగుచేయించి తెస్తాను నాన్నా" అని నేను ఖమ్మం పట్టుకువచ్చాను. తెచ్చి పుస్తకాల అలమరలో పెట్టాను. పెట్టి మరచిపోయాను. ఒకటిరెండుసార్లు ఆయన అడిగారు కూడా. "చేస్తున్నారు నాన్నా" అన్నాను. ఎవరు చేస్తున్నారు? ఎవరికి ఇచ్చాను? బ్యాంకులో ఆయన సంతకం తప్పిన రోజున ఆ పెన్ను నా అలమరలో, నిఘంటువు వెనకాల ఉన్నది.

డాక్టరుగారు దాన్ని చేతిలోకి తీసుకొని చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత కాలిపర్స్ పెట్టారు. పొడుగు నూటయాభై. మాబ్లాంక్‌కంటే వెంట్రుకవాసి పెద్దది! మెడ లావు పధ్నాలుగు. బరువు ఇరవైమూడు గ్రాములు, లోపల ఇత్తడి లేదు కనుక. మరి ఇంకు? మాబ్లాంక్ కడుపు సుమారు ఒకటిన్నర మిల్లీలీటరు. పాళీని చన్నీళ్ళలో నానబెట్టి, సబ్బుచుక్కతో కడుగుతూ ఉంటే మూడేళ్ళనాటి గోదావరి ఒండ్రు గిన్నె అడుగున పసుపులాగా దిగింది. ఆ తరువాత సిరంజీతో గొట్టంలో నీళ్ళు పోసి కొలిచారు. మూడుమిల్లీలీటర్లు దాటి, ఇంకా కొంచెం పట్టింది.

"మాస్టారూ, నా పెట్టెలో లేని సైజు ఇది" అన్నారు డాక్టరుగారు. అని, పిచ్చి ఉన్న మనిషి గనుక వెంటనే మరొక మాట అన్నారు: "రంగు తిరిగి తెప్పించవచ్చు. పైపొర గీకి, మెరుగుపెడితే లోపల నల్లగానే ఉంటుంది. పావు మిల్లీమీటరు పోతుంది, అంతే."

నేను సంతోషించాను. మూడేళ్ళ అపరాధం ఒక్క పావు మిల్లీమీటరుతో పోతుందంటే ఎవరికి సంతోషం ఉండదు? అయితే డాక్టరుగారు భూతద్దం పెట్టి చూసి ఆగిపోయారు. తెల్లరంగు ఎప్పుడో రాలిపోయి, పేరు చెక్కిన గీతలు మాత్రం మిగిలాయి. వాటి లోతు ఎంత? పావు మిల్లీమీటరు కంటే తక్కువే. రంగు రావాలంటే పేరు పోవాలి.

నాన్నగారినే అడగాలని నిశ్చయించాం. ఎందుకైనా మంచిదని డాక్టరుగారు మాబ్లాంక్‌నూ, పెలికాన్ ఎనిమిదివందలనూ కూడా నా చేతిలో పెట్టారు. లక్షకు అటూ ఇటూ చేసే వస్తువును లాల్చీ జేబులో పెట్టుకొని ఖమ్మం నుంచి భద్రాచలం దాకా బస్సులో వెళ్ళడమంటే ఏమిటో అనుభవించినవాడికి తెలుస్తుంది. కొత్తగూడెంలో టీ తాగలేదు. పాల్వంచలో పక్కన కూర్చున్నవాడు నా భుజంమీద నిద్రపోతే, వాడు దొంగేమోనని ఊరు వచ్చేదాకా జేబుమీద చెయ్యి తియ్యలేదు. పాల్వంచ పరగణా లెక్కలు వ్రాసిన తహసీలుదారు కంచర్ల గోపన్నగారు ఆ లెక్కల మూలంగానే గోలకొండ చెరసాలకు వెళ్ళారు. కలం పట్టుకొని ఆ దారిన పోయేవాడికి కొంచెం భయం ఉండడంలో తప్పులేదు.

ఇంటికి వెళ్ళి మూడు పెన్నులూ బల్లమీద పెట్టాను. నాన్నగారు ముందు మాబ్లాంక్ తీసుకొన్నారు. ధర చెప్పలేదు. సంతకం చేశారు. బాగానే వచ్చింది, కాని రెండో సంతకం దగ్గర వేళ్ళు జారాయి. "నున్నగా ఉన్నదిరా, చేపలాగా" అన్నారు. పెలికాన్‌తో ఒక్కసారి గీసి పక్కన పెట్టేశారు. మూడోదాన్ని రుమాలు విప్పి ఇచ్చాను.

గుర్తుపట్టలేదు. రంగు చూసి ఏదో కర్రపెన్ను అనుకొన్నారు. వేళ్ళ మధ్యకు వచ్చిన తరువాత గుర్తుపట్టారు. బొటనవేలు గొట్టంమీద అటూఇటూ కదిలి, పేరు ఉన్నచోట ఆగింది. నేను ఆలస్యానికి ఏదో సంజాయిషీ చెప్పబోయాను. "ఇంకు పోశావా?" అన్నారు, అంతే. ఎబొనైట్ చేతికి వెచ్చగా, కొంచెం గరుకుగా తగులుతుంది, జారదు. నాలుగు సంతకాలు చేశారు. మొదటిది వంకర. మూడోది నేను చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డుమీద చూసిన సంతకం. అక్షరాలు వణకలేదని అనను, వణికాయి. కాని ఆ 'ర' మీద తలకట్టూ, చివర కొసమెరుపులాగా వెనక్కి లాగే గీతా ఎవరిదని అడగవలసిన పని లేదు.

నల్లరంగు తెప్పించే సంగతి చెప్పాను. పేరు పోతుందనీ చెప్పాను. ఆయన పెన్నును వెలుతురులోకి పెట్టి చూసి, "నా జుట్టు తెల్లబడలేదట్రా? దాన్ని గీకించావా?" అన్నారు. ఆ చర్చ అంతటితో సరి.

ఒక చిక్కు మాత్రం ఉన్నది. ఇంకు సగానికి తగ్గిన తరువాత, ఇటువంటి గొట్టంపెన్నులో ఖాళీచోట ఉన్న గాలి చేతివేడికి వ్యాకోచించి ఇంకును బయటకు తోస్తుంది. లోహం కంటే ఎబొనైట్‌కు వేడి నెమ్మదిగా ఎక్కుతుంది కనుక కొంత నయం గాని, మా వైపు ఎండలకు ఏ గొట్టమూ ఆగదు. అందుచేత ఎప్పుడూ నిండుగా ఉంచాలి. మరలకు కొంచెం సిలికాన్ గ్రీజు రాయాలి. వారానికోసారి పక్కింటి కుర్రవాడు వచ్చి పోస్తానన్నాడు. నాన్నగారే పోసుకొంటే సగం పంచెమీద పడుతోంది.

మరునాడు ఇద్దరం బ్యాంకుకు వెళ్ళాం. కౌంటరు కుర్రవాడు సంతకం చూశాడు, యంత్రంలో పాత సంతకం చూశాడు, మళ్ళీ ఇది చూశాడు. ముద్ర కొట్టాడు. నాన్నగారు డబ్బు లెక్కపెట్టుకోకుండానే పెన్నుకు మూత బిగిస్తూ నిలబడ్డారు. ఇంతలో వరుసలో ఉన్న ఒకాయన, చర్ల వైపునుంచి వచ్చినవాడట, చేతిలో ఫారం పట్టుకొని, "సారూ, ఆ పెన్ను ఒకసారి ఇస్తారా?" అని అడిగాడు.

"ఇవ్వను. ఇది నా చేతికి చేసినది" అన్నారు నాన్నగారు. అని, ఆయన చేతిలో ఫారం తీసుకొని, బల్లమీద పెట్టుకొని, "పేరు చెప్పు నాయనా" అని మొదలుపెట్టారు. ఒక్కొక్క అక్షరం నెమ్మదిగా వస్తున్నది. వెనక వరుస పెరుగుతున్నది. నేను మాబ్లాంక్ ఉన్న జేబుమీద చెయ్యివేసుకొని పక్కన నిలబడ్డాను.